మెట్ట సీమలో గినీ పందుల పెంపకం: వసతి, మేత, మచ్చిక

శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాల్లో ఇళ్లలో చిన్న జంతువులను ముచ్చటకు పెంచుకోవాలనే ఆసక్తి కలవారికి బెంగళూరు నగరమే దగ్గరి సంత. అక్కడి పెంపుడు జంతువుల దుకాణాల్లో కుందేళ్లు, హామ్‌స్టర్లతో పాటు గినీ పందులు కూడా దొరుకుతాయి. అయితే బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ప్రదేశం. సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతంతో, వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఎండతో ఉండే పూర్వపు అనంతపురం జిల్లా పరిస్థితి వేరు. శీతల దేశాల పుస్తకాల్లోని సూచనలను గాని, దుకాణదారులు చెప్పే మాటలను గాని యథాతథంగా పాటిస్తే ఇక్కడ జంతువు మొదటి వేసవిని దాటడమే కష్టమవుతుంది. ఈ ప్రాంతపు ఎండ, ఈ ప్రాంతపు వేరుసెనగ, ఈ ప్రాంతంలో దొరికే పచ్చి ఆకు అనే మూడు అంశాలను అర్థం చేసుకుంటే గినీ పందిని ఇక్కడ ఆరోగ్యంగా పెంచవచ్చు. ఆ వివరాలను, పెంపకందారులకు సలహాలిచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

జంతువు స్వభావం

గినీ పంది శాస్త్రీయ నామం కేవియా పోర్సెల్లస్. ఇది పంది జాతికి చెందినది కాదు. ఎలుక, ఉడుతల వలె కొరికి తినే జంతువుల వర్గానికి చెందినది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంత ప్రజలు వేల సంవత్సరాల క్రితమే దీనిని మాంసం కోసం మచ్చిక చేసుకున్నారు. 16వ శతాబ్దంలో ఐరోపాకు చేరి అక్కడ ముచ్చట జంతువుగాను, తరువాత ప్రయోగశాల జంతువుగాను స్థిరపడింది. మన ప్రాంతంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆవరణలో ప్రయోగశాల జంతువుల కేంద్రం గినీ పందులను శాస్త్రీయంగా పెంచుతూ వచ్చింది.

పెరిగిన జంతువు 700 నుంచి 1,200 గ్రాముల బరువు తూగుతుంది. సరైన పోషణ ఉంటే 5 నుంచి 7 సంవత్సరాలు జీవిస్తుంది. గర్భధారణ కాలం 59 నుంచి 72 రోజులు. ఈతకు సాధారణంగా 2 నుంచి 4 పిల్లలు పుడతాయి. పిల్లలు కళ్లు తెరిచి, ఒంటినిండా వెంట్రుకలతో, పళ్లతో పుట్టి ఒకటి రెండు రోజుల్లోనే గడ్డి కొరకడం మొదలుపెడతాయి.

ఇది మందలో బతికే జంతువు. ఒంటరిగా ఉంచితే బెదురుగా, మందకొడిగా మారుతుంది. కనుక రెండు ఆడ జంతువులను గాని, వృషణాలు తొలగించిన ఒక మగ జంతువుతో ఆడ జంతువులను గాని కలిపి పెంచడం ఉత్తమం. కుందేలుతో కలిపి ఉంచరాదు. కుందేలు వెనుక కాళ్ల తన్నుకు గినీ పంది గాయపడుతుంది. పైగా కుందేళ్ల శ్వాసనాళాల్లో ఏ లక్షణమూ చూపకుండా ఉండే బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవి గినీ పందుల్లో ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల వాపును కలిగిస్తుంది.

వసతి

రెండు జంతువులకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల నేల కనీస అవసరం. ఇవి కుందేళ్ల వలె ఎగరలేవు కాబట్టి గోడ 40 సెంటీమీటర్ల ఎత్తున్నా సరిపోతుంది. అయితే పిల్లులు, కుక్కలు, పాములు, పందికొక్కుల నుంచి రక్షణకు పైన, పక్కలా సన్నని కన్నులున్న ఇనుప వల తప్పనిసరి. అడుగు భాగం మాత్రం వలతో ఉండకూడదు. కోళ్ల పంజరాలను గినీ పందులకు వాడటం తరచుగా జరిగే పొరపాటు. వలపై నడిచే జంతువు పాదాలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. ఆ పుండ్లు ఎముక వరకు చేరితే నయం కావడం దుర్లభం.

ఈ ప్రాంతానికి అనువైన నేల బండ పరుపు. తాడిపత్రి బండలు గాని, కడప బండలు గాని వేసవిలో చల్లగా ఉండి, కడగడానికి సులువుగా ఉంటాయి. వాటిలో కొంత భాగాన్ని వట్టిగా వదిలి, మిగిలిన భాగంలో పాత నూలు గుడ్డలు, వాటిపై మెత్తని ఎండుగడ్డి పరచాలి. వరి ఊక మొనలు కళ్లలో, మగ జంతువుల మర్మాంగాల్లో గుచ్చుకుంటాయి. కోళ్ల షెడ్లలో పరుపుగా వాడే వేరుసెనగ పొట్టు చౌకగా దొరికినా దుమ్ముతో, బూజుతో కూడి ఉంటుంది కనుక గినీ పందులకు తగదు. తడిసిన పరుపును ప్రతిరోజూ తీసివేసి, వారానికొకసారి మొత్తం మార్చాలి. మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా శ్వాసకోశ వ్యాధులకు మొదటి మెట్టు.

గినీ పందికి అనుకూలమైన ఉష్ణోగ్రత 18 నుంచి 24 డిగ్రీలు. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ ప్రమాదం మొదలవుతుంది. గర్భంతో ఉన్నవి, లావైనవి, పొడవైన వెంట్రుకలున్నవి ముందుగా దెబ్బతింటాయి. రేకుల కప్పు కింద, మేడ పైగదిలో వీటిని వేసవిలో ఉంచరాదు. మట్టి మిద్దె, పెంకుటిల్లు, బోద కప్పు ఉన్న వసారా లేదా ఇంటిలోని కింది అంతస్తు గదిలో ఉత్తరపు వైపు అనుకూలం. ఒక అంచు పగలగొట్టి నునుపు చేసిన మట్టి కుండను పక్కకు పడుకోబెట్టి పెడితే అది దాగుకొనే గూడుగాను, చల్లని పడకగాను ఉపయోగపడుతుంది. జంతువుకొక కుండ చొప్పున ఉంచితే కొట్లాటలు తగ్గుతాయి. మధ్యాహ్నం వేళ కిటికీకి తడి గోనెపట్టా కట్టడం, గడ్డ కట్టిన నీటి సీసాను గుడ్డలో చుట్టి గూటి పక్కన ఉంచడం మేలు చేస్తాయి.

రామగిరి కొండల మీద గాలిమరలు నెలకొల్పడానికి కారణమైన బలమైన గాలి ఈ చిన్న జంతువులకు మాత్రం హాని చేస్తుంది. వేసవిలో వడగాలి, జూన్ నుంచి సెప్టెంబరు వరకు దుమ్ముతో కూడిన ఈదురుగాలి నేరుగా గూటిని తాకకుండా చూడాలి. గాలి ఆడాలి కాని విసురుగా తగలకూడదు. ఫ్యాను గాలి కూడా గోడవైపు తిప్పి ఉంచడమే మంచిది.

నోటి నుంచి చొంగ కారడం, వేగంగా ఊపిరి తీయడం, ఒక పక్కకు పడిపోవడం వడదెబ్బ లక్షణాలు. వెంటనే నీడకు చేర్చి, చెవులను, పాదాలను మామూలు చల్లదనం గల నీటితో తడిపి, మెల్లగా విసరాలి. మంచు నీటిలో ముంచరాదు. రక్తనాళాలు ముడుచుకొని లోపలి వేడి బయటికి పోదు. స్పృహ ఉంటేనే చుక్కలుగా నీరు పట్టించి పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

మేత

గినీ పంది పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు గల గడ్డిని నమలడం వల్లనే అవి అరిగి తగిన పొడవులో నిలుస్తాయి. పేగుల కదలికకు కూడా పీచే ఆధారం. కాబట్టి ఎండుగడ్డి రాత్రింబవళ్లు అందుబాటులో ఉండాలి. గరిక, గినీ గడ్డి, హైబ్రిడ్ నేపియర్ లేత ఆకులు పచ్చిగాను, నీడలో ఎండబెట్టిన గడ్డి ఎండుమేతగాను ఇవ్వవచ్చు. వరిగడ్డి పీచును ఇస్తుంది కాని పోషకాలు తక్కువ, దానిపైనే ఆధారపడరాదు. బోదగడ్డి కప్పుకు తప్ప మేతకు పనికిరాదు. లూసర్న్‌లో సున్నపు పాలు ఎక్కువ గనుక పెరిగే పిల్లలకు, గర్భంతో ఉన్నవాటికి తప్ప మిగిలినవాటికి రోజూ ఇస్తే మూత్రాశయంలో రాళ్లు ఏర్పడతాయి.

పచ్చి జొన్న విషయంలో ఈ ప్రాంత రైతులకున్న జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది. బెట్టకు గురైన లేత జొన్నలో, కోసిన తరువాత వచ్చే పిలకల్లో హైడ్రోసయానిక్ ఆమ్ల విషం ఉంటుంది. పశువును పడగొట్టే ఆ విషం కిలో బరువు జంతువుకు ఎంత స్వల్ప మోతాదులోనైనా చాలు. పూత దశ దాటి, బాగా ఎండిన చొప్పనే వాడాలి.

విటమిన్ సి ఆవశ్యకత

చాలా జంతువులు తమ కాలేయంలోనే విటమిన్ సి తయారు చేసుకుంటాయి. మనిషి వలె గినీ పందికి ఆ శక్తి లేదు. అందుకు అవసరమైన చివరి ఎంజైము దాని శరీరంలో పనిచేయదు. 1907లో నార్వేకు చెందిన హోల్స్ట్, ఫ్రోలిక్ అనే శాస్త్రవేత్తలు కేవలం ధాన్యం తిన్న గినీ పందుల్లో స్కర్వీ వ్యాధిని గుర్తించారు. విటమిన్ సి పరిశోధనకు పునాది వేసిన పరిశీలనల్లో అదొకటి.

ఆరోగ్యవంతమైన జంతువుకు కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 10 మి.గ్రా., గర్భంతో ఉన్నప్పుడు, జబ్బు పడినప్పుడు 30 మి.గ్రా. వరకు విటమిన్ సి అవసరం. లోపం ఏర్పడిన రెండు మూడు వారాల్లోనే వెంట్రుకలు గరుకుగా మారడం, కీళ్ల వాపు, కదలడానికి ఇష్టపడకపోవడం, ముట్టుకుంటే అరవడం, చిగుళ్ల నుంచి రక్తం, గాయాలు మానకపోవడం కనిపిస్తాయి. కాళ్లు ఈడుస్తున్న జంతువును చూసి పక్షవాతమని భావించే ముందు మేతను గురించి అడగాలి.

కుందేళ్ల దాణాలో విటమిన్ సి కలపరు కనుక అది గినీ పందికి సరిపోదు. గినీ పందుల కోసం తయారైన గుళికల్లో కలిపిన విటమిన్ కూడా నిల్వలో, ముఖ్యంగా వేడిలో తరిగిపోతుంది. తయారైన తేదీ నుంచి మూడు నెలలు దాటిన సంచిని నమ్ముకోరాదు. తాగే నీటిలో కలిపినది ఒక్క రోజులోనే చాలా వరకు నశిస్తుంది. పచ్చి ఆకు, పండే నమ్మకమైన ఆధారాలు. పోషకాహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జామపండులో 200 మి.గ్రా. పైగా, మునగాకులో 100 మి.గ్రా. పైగా విటమిన్ సి ఉంటుంది. అంటే 10 గ్రాముల జామ ముక్క గాని, 15 గ్రాముల లేత మునగాకు గాని కిలో బరువున్న జంతువు మామూలు అవసరాన్ని తీరుస్తుంది. ఉసిరి ముక్క కూడా మంచిదే. మునగాకులోను, తోటకూర, పాలకూరలలోను సున్నపు పాలు గాని ఆగ్జలేట్లు గాని ఎక్కువ కాబట్టి ఒకే ఆకును రోజూ ఇవ్వక మార్చి మార్చి ఇవ్వాలి. ఆకును ఎండబెడితే, ఉడికిస్తే విటమిన్ సి చాలా భాగం పోతుంది.

మండు వేసవిలో పచ్చి ఆకు ఎక్కడ దొరుకుతుందనేది మెట్ట ప్రాంతపు అసలు ప్రశ్న. దానికి సమాధానం ఈ ప్రాంతంలోనే ఉన్నది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాల్లో బోరు బావుల కింద సాగయ్యే మల్బరీ తోటలు ఏడాది పొడవునా ఆకును ఇస్తాయి. మల్బరీ ఆకు మాంసకృత్తులు కలిగి, సులభంగా జీర్ణమయ్యే మేత. పట్టుపురుగు పెరుగుదలకు కూడా విటమిన్ సి అవసరమే. అది ఆ ఆకు నుంచే పొందుతుంది. ఒక్కొక్క జంతువుకు రోజుకు పిడికెడు మించకుండా తాజా ఆకు ఇవ్వవచ్చు. అయితే రెండు జాగ్రత్తలు పాటించాలి. పురుగుమందు చల్లిన తోట నుంచి, నిర్ణీత గడువు ముగియకుండా ఆకు కోయరాదు; పట్టుపురుగుకు పనికిరాని ఆకు గినీ పందికీ పనికిరాదు. అలాగే పురుగుల పెంపకపు తట్టల్లో మిగిలిన ఆకుపై సున్నం, క్రిమిసంహారక పొడులు చల్లి ఉంటాయి. ఆ మిగులు ఆకును ఎట్టి పరిస్థితిలోను మేతగా వాడరాదు.

వేరుసెనగ పట్ల జాగ్రత్త

వేరుసెనగ ఈ ప్రాంతపు ప్రధాన పంట. వేరుసెనగ కట్టె, చెక్క ఇంటింటా ఉంటాయి కాబట్టి వాటినే గినీ పందికి వేయడం సహజం. ఇక్కడే పెద్ద ముప్పు పొంచి ఉన్నది. కాయ ఊరే దశలో బెట్ట ఏర్పడినప్పుడు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం నేలలోనే కాయను ఆశించి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. కోత తరువాత వానకు తడిసిన కట్టెలో, తేమతో నిల్వ చేసిన చెక్కలో కూడా బూజు వ్యాపిస్తుంది.

1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు దాణాలోని వేరుసెనగ పిండిలో ఈ విషం బయటపడిన సంగతి విద్యార్థులకు తెలిసినదే. అంతకు కొన్నేళ్ల ముందే అక్కడి ప్రయోగశాలల గినీ పందుల్లో కాలేయం చెడి, పొట్టలో నీరు చేరి మరణాలు సంభవించాయి. వాటికి కూడా వేరుసెనగ పిండి కలిసిన దాణాయే కారణమని తరువాత తేలింది. అఫ్లాటాక్సిన్‌కు త్వరగా లోనయ్యే జంతువుల్లో గినీ పంది ఒకటి. చెక్కను కడిగినా, ఉడికించినా ఆ విషం పోదు. బూజు కంటికి కనిపించకపోయినా ఉండవచ్చు. కనుక వేరుసెనగ చెక్క, తాలు గింజలు గినీ పందికి పూర్తిగా మానివేయాలి. వాన తగలకుండా ఎండిన, కాయలు లేని, ఆకుపచ్చదనం నిలిచిన శుభ్రమైన కట్టెను అరుదుగా, కొద్దిగా మాత్రమే ఇవ్వవచ్చు.

వయ్యారిభామ, ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు, ఆముదం, సుబాబుల్ ఆకులు, ఉల్లి, వెల్లుల్లి, మొలకెత్తిన బంగాళాదుంపలు కూడా హానికరం. అన్నం, రొట్టె, బిస్కెట్లు పేగుల్లో పులిసి ప్రమాదం తెస్తాయి. కిలో బరువుకు రోజుకు కనీసం 100 మిల్లీలీటర్ల నీరు అవసరం. వేసవిలో ఇంకా ఎక్కువ. ఈ ప్రాంతంలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బోరు నీరు సాధారణం కనుక ఇంటివారు తాగే శుద్ధి చేసిన నీటినే జంతువుకూ పెట్టాలి.

మచ్చిక, శిక్షణ

గినీ పంది వేటకు గురయ్యే జంతువు. పైనుంచి వచ్చే చేయి దానికి గద్ద వలె తోస్తుంది. కొత్తగా తెచ్చిన మొదటి వారం దానిని ఎత్తక, గూటి పక్కన కూర్చొని మెల్లగా మాట్లాడటం చాలు. తరువాత కొత్తిమీర రెమ్మను చేతితో అందించాలి. చేతి నుంచి తినడం అలవాటయ్యాక గడ్డం కింద, వీపుపై నిమరవచ్చు. ఎత్తేటప్పుడు ఒక చేయి రొమ్ము కింద, మరొక చేయి పిరుదుల కింద ఉంచి ఒంటికి ఆనించుకోవాలి. పిల్లలు నేలపై కూర్చొనే ఒడిలో పెట్టుకోవాలి. అడుగు ఎత్తు నుంచి పడినా వెన్నెముక, పళ్లు విరిగే అవకాశం ఉంది.

గినీ పంది శబ్దాలను మేతతో ముడిపెట్టి త్వరగా గుర్తుంచుకుంటుంది. ప్రతిసారీ ఒకే విధమైన చిటికె గాని, గంట శబ్దం గాని చేసి వెంటనే ఆకు అందిస్తే కొద్ది రోజుల్లోనే ఆ పిలుపుకు వస్తుంది. ఒక కర్ర చివరను ముక్కుతో తాకిన ప్రతిసారీ ఆకు ఇస్తూ, ఆ కర్రను చూపి తక్కెడ పళ్లెం ఎక్కడం, గంపలోకి తనంత తాను పోవడం నేర్పవచ్చు. దీనివల్ల వారం వారం బరువు తూచడం, వైద్యశాలకు తీసుకుపోవడం జంతువును బెదరగొట్టకుండా జరుగుతాయి. శిక్షణ పూటకు ఐదు నిమిషాలకు మించరాదు. వేసవిలో తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడిన తరువాత మాత్రమే చేయాలి. కొట్టడం, అరవడం వల్ల అది నేర్చుకోదు, కదలకుండా బిగుసుకుపోతుంది. ఆ నిశ్చలతను మచ్చికగా భ్రమించరాదు. మూత్రానికి ఒక మూలను అలవాటు చేయడం కొంతవరకే సాధ్యం.

ఆరోగ్య పర్యవేక్షణ

బరువులో పదోవంతు తగ్గినా, సగం రోజు పైగా మేత ముట్టకపోయినా పశువైద్యుని సంప్రదించాలి. ఈ ప్రాంతం గొర్రెలకు ప్రసిద్ధి. గ్రామాల్లో గొర్రెలకు వాడే మందులే అందరికీ పరిచయం. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్ వంటి మందులు గినీ పంది పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి, విషకారకాలు పెరిగేలా చేసి కొద్ది రోజుల్లోనే మరణం కలిగించగలవు. ఇవి గొర్రెకు ప్రాణం పోసినా గినీ పందికి ప్రాణాంతకాలని గ్రామ స్థాయి సిబ్బందికి తెలియజేయడం విస్తరణ కార్యక్రమంలో ముఖ్యమైన భాగం కావాలి.

మగ పిల్లలను మూడు వారాల వయసులోనే తల్లి నుంచి వేరు చేయాలి. లేకుంటే అనుకోని గర్భాలు వస్తాయి. ఆడ జంతువుకు ఆరు, ఏడు నెలలలోపు మొదటి ఈత కాకపోతే కటి ఎముకలు బిగుసుకొని తరువాతి ఈత ప్రమాదకరమవుతుంది. కాబట్టి సంతతి అవసరం లేనివారు జత కట్టనీయకపోవడమే మంచిది. తామర వంటి చర్మవ్యాధులు మనుషులకు సోకగలవు గనుక ముట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఫెర్రెట్ సంగతి

గినీ పందితో పాటు ఫెర్రెట్ అనే జంతువు పేరు కూడా పెంపుడు జంతువుల పుస్తకాల్లో కనిపిస్తుంది. ఐరోపాలో 2,000 సంవత్సరాలకు పైగా కుందేళ్ల వేటకు పెంచిన ఈ జంతువు పూర్తి మాంసాహారి. మూడు నాలుగు గంటల్లో ఆహారం పేగులు దాటిపోతుంది కాబట్టి అధిక మాంసకృత్తులు, కొవ్వు గల మేతను రోజుకు పలుమార్లు ఇవ్వాలి. శరీరం నుంచి వేడిని వెలువరించే చెమట గ్రంథులు దాదాపు లేవు. 30 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ సోకితే బతకడం అరుదు. జత కలవని, శస్త్రచికిత్స చేయని ఆడ జంతువు ఎద దీర్ఘకాలం నిలిచి రక్తహీనతతో మరణిస్తుంది. మూలన మలవిసర్జనకు, పిలుపుకు శిక్షణ ఇవ్వడం సులువే అయినా, ఎల్లవేళలా చల్లని గది, అనుభవం గల వైద్యుడు లేని చోట దీనిని పెంచబూనడం క్రూరత్వమే అవుతుంది. గినీ పంది ఉన్న ఇంట అది వేటగాడు కూడా. దానికి బదులుగా పొలాల్లోని ముంగిసను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. కొనుగోలుకు అనువైన కాలం వేసవి కాదు. వానలు మొదలై వేడి తగ్గిన తరువాత తెచ్చుకొంటే జంతువు స్థిరపడటానికి వ్యవధి దొరుకుతుంది.
2. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నియమాల ప్రకారం నమోదైన దుకాణం నుంచే కొనమని, ఆడ మగ నిర్ధారణ పశువైద్యునితో చేయించమని చెప్పాలి.
3. కొనకముందే గూడు, ఎండుగడ్డి నిల్వ, వేసవిలో పచ్చి ఆకు దొరికే తోట ఏదో నిర్ణయించుకొనేలా చూడాలి.
4. మేతను గురించి అడిగేటప్పుడు వేరుసెనగ చెక్క, కుందేళ్ల దాణా వాడకాన్ని ప్రత్యేకంగా ప్రశ్నించాలి.
5. పెంచలేని పరిస్థితి వస్తే పొలాల్లో వదలక, పెంచగలిగిన మరొకరికి అప్పగించమని నచ్చజెప్పాలి.

ముగింపు

ఖర్చు దృష్ట్యా గినీ పంది భారమైన జంతువు కాదు. నీడనిచ్చే మిద్దె, చల్లని బండ, మట్టి కుండ, గరిక, మునగ, మల్బరీ ఆకు మెట్ట ప్రాంతపు ఇళ్లకు పరాయివి కావు. దానికి హాని చేసే రేకుల కప్పు, బూజు పట్టిన చెక్క, గొర్రెల మందు కూడా ఈ ఇళ్లలోనివే. ఏది మేలో ఏది కీడో కొనకముందే తెలియజేయగలిగితే జంతువుకు బాధ, ఇంటివారికి దుఃఖం తప్పుతాయి. మల్బరీ ఆకులోని విటమిన్ సి ఋతువును బట్టి ఎలా మారుతుంది, వేసవిలో మట్టి గూళ్ల లోపలి ఉష్ణోగ్రత ఎంత తగ్గుతుంది అనేవి విద్యార్థులు తక్కువ వ్యయంతో చేపట్టదగిన పరిశోధనాంశాలు. వాటి ఫలితాలు గినీ పందులకే కాక ఈ ప్రాంతంలో కుందేళ్లను పెంచే రైతులకు కూడా ఉపకరిస్తాయి.